కిరాయి మీద నిర్వహణ రుసుము: లెక్క అడగడం మన హక్కు

సాంచాలు నడుపుకొనే మన కుటుంబాలలో సొంత షెడ్డు వున్నవారు కొందరే. చాలామంది వేరొకరు కట్టించిన షెడ్డులోనో గాలాలోనో నెలనెలా కిరాయి కట్టి, నాలుగో ఆరో యెనిమిదో సాంచాలు వేసుకొని బతుకుతున్నారు. కిరాయి సంగతి పాతదే. అది యెంతో, ఎప్పుడు పెరుగుతుందో మనకు తెలుసు. కాని దానితోపాటు కిరాయి చీటీలో యింకొక పద్దు వచ్చి చేరింది. కొందరు యజమానులు దాన్ని మెయింటెనెన్సు అంటారు, కొందరు సర్వీసు చార్జీ అంటారు, కొందరు మేనేజిమెంటు ఫీజు అంటారు. పేరు యేదైనా, అది దేనికోసమో చెప్పేవారు తక్కువ. అడిగేవారు అంతకంటె తక్కువ.

ఈ రుసుమును గురించి మా అభిప్రాయాన్ని ముందే చెప్పి, తరువాత కారణాలు చెబుతాము. కాంపౌండులో అందరికీ పనికివచ్చే సేవకు నిజంగా ఖర్చు అయితే, ఆ బిల్లు చూపితే, మన వంతు మనం కట్టాలి. అందులో వెనుకాడకూడదు. కాని యజమాని తన ఆస్తిని నిలుపుకోవడానికీ, తన కిరాయి తాను వసూలు చేసుకోవడానికీ పెట్టుకొనే ఖర్చు మన నెత్తిన వేస్తే దాన్ని వొప్పుకోనక్కర లేదు. కిరాయిలో నూటికి యింత అని గుత్తగా లెక్కకట్టే పద్ధతి అసలే పోవాలి.

ఇది చిన్న విషయం గదా, దీనికి యింత రాత యెందుకు అని కొందరు అనవచ్చు. మన తాతల కాలంలో గుంట మగ్గం యింట్లోనే వుండేది. నేసే చోటు, వండే చోటు, పిల్లలు నిద్రపోయే చోటు వొకే కప్పు కింద. మగ్గానికి వేరే కిరాయి లేదు. కరీంనగరం, నల్లగొండ, వరంగల్లు ప్రాంతాలనుండి షోలాపురానికీ, భివండికీ వెళ్లిన మనవారు మరమగ్గాలకు మారినప్పుడు పని యింటినుండి షెడ్డుకు కదిలింది. షెడ్డుతో కిరాయి వచ్చింది, కిరాయితో డిపాజిట్టు వచ్చింది, కరెంటు మీటరు వచ్చింది, ఇప్పుడు యీ రుసుము వచ్చింది. దొడ్డబళ్ళాపురంలోను, సేలం, కుమారపాళయం వైపునను మరమగ్గాలు నడిపే మన బంధువులకు కూడా యీ మార్పు తెలిసినదే. నేతగాని చేతికి వచ్చే మజూరీ మాత్రం యీ పద్దులను చూసి పెరగదు. సేటు నూలు యిస్తాడు, పీకు లెక్కన మజూరీ కడతాడు. ఆ మజూరీలోనుంచే యివన్నీ పోవాలి.

వొక లెక్క వేసి చూద్దాం. ఇది మేము ఉదాహరణకు వేసిన లెక్క. ఎవరి అంకెలు వారు పెట్టుకొని చూసుకోవచ్చు. ఎనిమిది సాదా సాంచాలున్న షెడ్డుకు కిరాయి 16,000 రూపాయలు అనుకుందాం. దాని మీద నూటికి 15 చొప్పున నిర్వహణ రుసుము 2,400. దాని మీద జి.ఎస్.టి. 18 శాతం చొప్పున 432. మొత్తం 2,832 రూపాయలు. సాంచా నిమిషానికి 150 పీకులు వేస్తుందనీ, బట్ట అంగుళానికి 52 పీకులదనీ అనుకుందాం. దారం తెగడం, కండె మార్చడం, కరెంటు పోవడం అన్నీ పోగా, పది గంటల పాళీలో సాంచాకు 35 మీటర్లు దిగుతాయి. ఎనిమిది సాంచాలకు రోజుకు 280 మీటర్లు. ఇరవై అయిదు రోజులకు 7,000 మీటర్లు. 2,832 రూపాయలను దీనితో భాగిస్తే మీటరుకు 40 పైసలు. పీకు లెక్కకు తెస్తే, పీకుకు సుమారు ముప్పాతిక పైస.

పీకుకు ముప్పాతిక పైస అంటే యేమిటో ఆసామికి మేము వివరించనక్కర లేదు. మజూరీలో పీకుకు అర పైస పెంచమని సేటు గుమాస్తా చుట్టూ యెన్నిసార్లు తిరుగుతామో, ఎన్ని మాటలు పడతామో అందరికీ తెలుసు. అంత కష్టపడి తెచ్చుకొన్న పెంపు, మనం వొక్క ప్రశ్న కూడా వేయకుండా, కిరాయి చీటీలోని రెండో పద్దు కింద వెళ్లిపోతున్నది. ఎనిమిది సాంచాలవాడికి యేడాదికి యిది దాదాపు 34,000 రూపాయలు. వొక పిల్లవాని చదువు ఖర్చు కావచ్చు, ఆడపిల్ల పెండ్లికి వేసుకొనే చీటీ కావచ్చు.

ఇక యీ రుసుములో యేమేమి వుంటాయో విడదీసి చూద్దాం. మొదటి రకం, అందరి అవసరాలు. కాంపౌండుకు కాపలాదారు, దారిలో దీపాలు, నీళ్ల మోటారు, మురుగు కాలువ, మరుగుదొడ్లు ఊడ్పించడం, చెత్త యెత్తించడం, నిప్పు ఆర్పే సిలిండర్లు నింపించడం. ఇవి లేకపోతే మన పనే ఆగిపోతుంది. వీటికి మన వంతు కట్టడం న్యాయం.

రెండో రకం యజమాని సొంత ఖర్చు. కూలిపోయే గోడ, తుప్పు పట్టిన కప్పు రేకులు మార్పించడం, కట్టడానికి భీమా, ఆయన తెచ్చుకొన్న బ్యాంకు అప్పు మీద వడ్డీ, కిరాయి వసూలు చేసే గుమాస్తా జీతం, కొత్త కిరాయిదారును తెచ్చిన దళారి కమిషను, కిరాయిదారు మీద వేసిన దావాకు వకీలు ఫీజు. ఇవన్నీ ఆస్తి వున్నవాడు ఆస్తికోసం పెట్టే ఖర్చులు. వీటిని తీర్చడానికే కిరాయి వున్నది. కిరాయి తీసుకొని, ఆ కిరాయి వసూలు చేసినందుకు మళ్లీ రుసుము తీసుకొంటే, అది వొక సరుకుకు రెండు ధరలు కట్టించినట్లే. మేనేజిమెంటు ఫీజు అనే మాట వెనుక చాలాచోట్ల దాగి వున్నది యీ రెండో రకమే.

మూడో రకం నడుమ వున్నవి. ఆస్తి పన్ను, ట్రాన్సుఫారం మరమ్మతు, సున్నాలు వేయించడం వంటివి. ఇవి యెవరివన్నది వొప్పందంలో రాసుకొన్నదానిని బట్టి తేలాలి. రాసుకోకపోతే తగాదా తప్పదు. అందుకే మేము మొదటినుంచి రాత మీద పట్టుబడుతున్నాము.

చట్టం యేమంటున్నదో కొంచెం చూద్దాం. మహారాష్ట్రలో వున్న మనవారికి 1999 నాటి మహారాష్ట్ర కిరాయి నియంత్రణ చట్టం ముఖ్యమైనది. అది 2000 మార్చి 31 నుండి అమలులో వున్నది. ఆ చట్టం వర్తించే చోట, వర్తించే కిరాయిదారులకు, యజమాని కిరాయిని యేడాదికి నూటికి 4 చొప్పున పెంచుకోవచ్చు. కట్టిన ప్రతి సొమ్ముకు రసీదు యివ్వాలి. వేరే వొప్పందం లేనప్పుడు కట్టడాన్ని వాడుకకు తగినట్లు బాగుచేయించి వుంచే బాధ్యత యజమానిది. నోటీసు యిచ్చినా చేయించకపోతే, కిరాయిదారు తానే చేయించుకొని వొక హద్దు వరకు కిరాయిలో మినహాయించుకోవచ్చు. తగిన కారణం లేకుండా నీరు, కరెంటు వంటి అవసర సదుపాయాలను యజమాని ఆపకూడదు.

నూటికి 4 అన్న హద్దు వున్నప్పుడు, ఆ హద్దును తప్పించుకొనే దారిగా నిర్వహణ రుసుము పనికివస్తున్నదని మా అభిప్రాయం. కిరాయి 16,000 దగ్గరే నిలిపి, రుసుమును 1,000 నుండి 2,400కు పెంచితే, పేరుకు కిరాయి పెరగలేదు. చేతినుండి పోయేది మాత్రం పెరిగింది. అందుకే రెండు పద్దులను వేరువేరుగా చూడకూడదు. నెలకు మొత్తం యెంత పోతున్నది, పోయిన యేడు యెంత పోయింది, దానికి బదులు యే సేవ పెరిగింది అన్నది చూడాలి.

ఇక్కడ వొక హెచ్చరిక అవసరం. లీవ్ అండ్ లైసెన్సు కాగితం మీద గాలా తీసుకొన్నవారికి పై రక్షణలలో చాలావరకు వర్తించవు. అలాంటివారికి వొప్పందంలో రాసుకొన్నదే ఆధారం. అయితే అదే చట్టం 55వ సెక్షను అందరికీ పనికివచ్చేది. కిరాయి వొప్పందమైనా, లీవ్ అండ్ లైసెన్సు అయినా కాగితం మీద వుండాలి, రిజిస్టరు కావాలి. పదకొండు నెలల కాగితమైనా సరే. రిజిస్టరు చేయించే బాధ్యత యజమానిది. అట్లా రిజిస్టరైన కాగితం లేకపోతే, షరతులను గురించి కిరాయిదారు చెప్పిన మాటే నిలుస్తుంది, అది తప్పని రుజువు చేయనంతవరకు. నోటి మాట మీద గాలా యిచ్చి, తరువాత నిర్వహణ రుసుము వుందని చెప్పే యజమానికి యీ సెక్షను సమాధానం చెబుతుంది. మనవారిలో యెందరికో యిది తెలియదు. అందుకే యింత వివరంగా రాస్తున్నాము.

మిగతా రాష్ట్రాలలో వున్నవారు మహారాష్ట్ర చట్టం తమకూ వర్తిస్తుందని అనుకోకూడదు. తమిళనాడులో 2017 నాటి యజమాని, కిరాయిదారుల హక్కులు, బాధ్యతల చట్టం 2019 ఫిబ్రవరి 22 నుండి అమలుకు వచ్చింది. అక్కడ కూడా రాతపూర్వకమైన వొప్పందం, దాన్ని అధికారి దగ్గర నమోదు చేయించడం ముఖ్యం. కర్ణాటకం, ఒడిశా, యానాం వారు తమ తమ చోట్ల చట్టాన్ని తెలిసినవారిని అడిగి తెలుసుకోవాలి. ఎక్కడైనా పనికివచ్చే సూత్రం వొకటి వున్నది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, యజమాని చేయించవలసిన మరమ్మతును నోటీసు యిచ్చినా తగిన గడువులో చేయించకపోతే, కౌలుదారు తానే చేయించుకొని ఆ ఖర్చును వడ్డీతో కిరాయిలో మినహాయించుకోవచ్చు. వొప్పందంలో గాని, ఆ వూరి చట్టంలో గాని వేరుగా వుంటే తప్ప యిది నిలుస్తుంది. మరమ్మతు యెవరిది అనే ప్రశ్నకు చట్టం మొదటినుంచీ యెంత బరువు యిచ్చిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

పన్ను సంగతి. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చిన తరువాత, వ్యాపార స్థలాల కిరాయి మీదా, నిర్వహణ రుసుము మీదా 18 శాతం పన్ను పడుతున్నది. ఇండ్ల సొసైటీలలో నెలకు 7,500 రూపాయల వరకు నిర్వహణ చందాకు మినహాయింపు వున్నది. ఆ మినహాయింపు గాలాలకు లేదు. రిజిస్ట్రేషను వున్న పెద్ద వ్యాపారి తాను కట్టిన పన్నును తన పన్నులో మినహాయించుకొంటాడు. జాబ్ వర్కు చేసుకొనే చిన్న ఆసామికి యేడాది రాబడి 20 లక్షలు దాటకపోతే రిజిస్ట్రేషను అవసరం లేదు. రిజిస్ట్రేషను లేదు కనుక కట్టిన 18 శాతం తిరిగి రాదు, అది పూర్తిగా నష్టమే. రుసుములో అనవసరమైన పద్దు వొక వంద చేరితే, చిన్నవాని చేతినుండి పోయేది 118.

ఇందులో మోసానికి కూడా సందు వున్నది. రిజిస్ట్రేషను లేని యజమాని జి.ఎస్.టి. పేరిట ఒక్క పైస కూడా వసూలు చేయకూడదు. కనుక పన్ను అడిగిన చీటీ మీద ఆయన జి.ఎస్.టి. నంబరు వుందో లేదో చూడాలి. నంబరు లేకపోతే ఆ 18 శాతం కట్టవద్దు. మరొక సంగతి. 2024 అక్టోబరు 10 నుండి, యజమానికి రిజిస్ట్రేషను లేక, కిరాయిదారుకు వుంటే, కిరాయి మీద పన్నును కిరాయిదారే నేరుగా ప్రభుత్వానికి కట్టాలి. కాంపొజిషను పద్ధతిలో వున్నవారిని 2025 జనవరి 16 నుండి దీనినుండి తప్పించారు. రిజిస్ట్రేషను వున్న మనవారు తమ లెక్కలు రాసేవారితో యీ సంగతి సరిచూసుకోవాలి.

కరెంటు దగ్గర యింకా జాగ్రత్త కావాలి. మహారాష్ట్రలో మరమగ్గాలకు విద్యుత్తు వేరే తరగతి కింద వస్తుంది, రాయితీ లెక్కలో 27 హార్సుపవరు వొక హద్దు. ఎనిమిది సాదా సాంచాలవాడు సాధారణంగా ఆ హద్దుకు చాలా కిందనే వుంటాడు. తమిళనాడులో మరమగ్గాలకు రెండు నెలలకు 750 యూనిట్ల దాకా వుచితంగా యిచ్చేవారు, 2023లో దాన్ని 1,000 యూనిట్లకు పెంచారు. చేతి మగ్గాలకు 200 నుండి 300 చేశారు. ఈ రాయితీలు నేతవానికోసం పెట్టినవి. కాని మీటరు యజమాని పేరున వుండి, ఆయన లోపల చిన్న మీటర్లు పెట్టి యూనిట్టుకు యింత అని తన ధరకు వసూలు చేస్తే, రాయితీ యెవరి జేబులోకి పోతున్నది? నిర్వహణ రుసుములో కరెంటును కలిపివేస్తే అసలు తెలియనే తెలియదు.

దీనికి పన్ను వైపునుంచి కూడా వొక కారణం వున్నది. 2023 అక్టోబరు 31 నాటి జి.ఎస్.టి. సర్క్యులరు ప్రకారం, కరెంటును కిరాయితో గాని నిర్వహణతో గాని కలిపి వొకే సేవగా యిస్తే, కరెంటు సొమ్ము మీద కూడా కిరాయికి పడే పన్నే పడుతుంది. అట్లా గాక, విద్యుత్తు సంస్థ వేసిన బిల్లునే యజమాని యథాతథంగా, తన లాభం కలుపుకోకుండా, మన తరఫున కట్టి వసూలు చేసుకొంటే ఆ సొమ్ము పన్నులోకి రాదు. కనుక సాంచాల కరెంటు బిల్లును నిర్వహణ రుసుమునుండి విడదీయడం మనకు అన్నివిధాలా లాభం. వీలైనచోట మీటరు మన పేరున తీసుకోవడం అంతకంటె మేలు.

ఇంతవరకు చదివినవారు మేము యజమానులమీద కత్తి కట్టామని అనుకోవచ్చు. అది మా వుద్దేశం కాదు. షెడ్డు యజమానులలో మనవారూ వున్నారు. నిన్న సాంచా నడిపినవాడు యీరోజు నాలుగు గాలాలు కట్టించుకొన్నాడు. అది మనందరికీ సంతోషమే. వారి మాట కూడా వినాలి. కాపలావాని జీతం పెరిగింది. మునిసిపాలిటీ నీరు చాలక టాంకరు తెప్పించాలి. పది గాలాలలో యిద్దరు ముగ్గురు సమయానికి కట్టకపోతే, ఆ లోటును యజమాని తన చేతినుండి పెట్టాలి. కట్టనివాడు కూడా అదే దీపం వెలుగులో నడుస్తాడు, అదే నీళ్లు వాడతాడు. ఇట్లాంటి కిరాయిదారును వెనకేసుకొని రావడం మా పని కాదు. లెక్క అడిగే హక్కు, సమయానికి కట్టేవానికే బలంగా వుంటుంది.

రుసుము తగ్గించమని అడిగేటప్పుడు మరొకటి మరువకూడదు. అన్నిటికంటె ముందు కోత పడేది నిప్పు భద్రత మీద. నూలు, దుమ్ము, పాత తీగలు, వొకే తలుపు, కిటికీలకు అడ్డంగా పెట్టిన బట్ట మూటలు, ఇవి మన షెడ్లలో అందరూ చూసేవే. 2025 మే 18న షోలాపురంలో అక్కల్‌కోట రోడ్డు పారిశ్రామిక వాడలో, తువ్వాళ్లు నేసే కర్మాగారంలో తెల్లవారుజామున నిప్పు అంటుకొని 8 మంది చనిపోయారు. వారిలో ఆ కర్మాగారం యజమాని, ఆయన కుటుంబం వారు, కార్మికులు వున్నారు. పని చేసే చోటనే నిద్రపోయే అలవాటు మన వృత్తిలో యెక్కడైనా వున్నదే. కనుక సిలిండర్లు నింపడం, తీగలు మార్చడం, రెండో దారి తెరిచి వుంచడం అనే పద్దులను యెవరూ తగ్గించమని అడగవద్దు. పైగా, మనం యింతకాలం కట్టిన నిర్వహణ రుసుములో నిప్పు భద్రతకు యెంత ఖర్చు అయిందని అడగాలి. ఏమీ కాలేదని తేలితే, ఆ రుసుము దేనికి పోయిందో అప్పుడే అడగవచ్చు.

ఇక చేయవలసినది. ఒంటరిగా వెళ్లి అడిగిన కిరాయిదారుకు వచ్చే జవాబు వొకటే: ఇష్టమైతే వుండు, లేకపోతే ఖాళీ చెయ్యి. సాంచాలు పీకి, మరోచోట బిగించి, జాబరును పిలిచి మళ్లీ నడకకు తెచ్చేసరికి నెల మజూరీ పోతుంది. ఆ సంగతి యజమానికీ తెలుసు, మనకూ తెలుసు. అందుకే కాంపౌండులో వున్న కిరాయిదారులందరూ, ఏ కులమైనా ఏ భాషవారైనా, కలిసి వెళ్లాలి. పద్మశాలి, దేవాంగ సోదరులతోపాటు పక్క గాలాలో వున్న మరాఠీ, ముసల్మాను, వుత్తరాది సోదరుడు కూడా యీ రుసుమే కడుతున్నాడు. ఆయనను విడిచి మనం వొక్కరమే బేరం ఆడితే బేరం తెగదు.

అందరూ కలిసి అడగవలసినవి మా దృష్టిలో యివి.

నిర్వహణ రుసుము కిరాయిలో నూటికి యింత అని గాక, అసలు ఖర్చును గాలాల విస్తీర్ణాన్ని బట్టి పంచి తీసుకోవాలి. కిరాయి పెరిగినంత మాత్రాన కాపలావాని పని పెరగదు గదా.

ఏయే సేవలు యిందులో వస్తాయో, ఏవి రావో వొప్పందంలో పేరుపేరునా రాయాలి. ఇతర ఖర్చులు అనే పద్దు వుండకూడదు. కిరాయి వసూలు, దళారి, వకీలు, కట్టడం భీమా, పెద్ద మరమ్మతులు యిందులో రావని స్పష్టంగా రాయాలి.

ప్రతి యేడు మార్చి 31 తరువాత రెండు నెలలలో యజమాని జమాఖర్చులు చూపాలి. బిల్లులు చూడడానికి కిరాయిదారులనుండి యిద్దరిని వొప్పుకోవాలి. మిగిలితే వచ్చే యేడుకు జమ, తగ్గితే బిల్లు చూసి మనం కలపాలి.

రుసుము పెంచాలంటే మూడు నెలలు ముందు కారణంతో నోటీసు యివ్వాలి. వివాదం వున్న పద్దు తేలేవరకు, వివాదం లేని భాగం మనం సమయానికి కట్టాలి. దానికి బదులుగా యజమాని కరెంటు తీయకూడదు, గేటుకు తాళం వేయకూడదు.

ముందుముందు కప్పుకో, ట్రాన్సుఫారానికో అని నిధి వసూలు చేస్తే, అది యజమాని సొంత ఖాతాలో గాక వేరే బ్యాంకు ఖాతాలో వుండాలి. ఖాళీ చేసి వెళ్లేటప్పుడు, ఏనాటివో నిర్వహణ బకాయిలని చెప్పి డిపాజిట్టులో కోసుకొనే అలవాటు కూడా యీ రాతతోనే ఆగుతుంది.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. నిజాయితీగల యజమానికి వీటివల్ల పోయేది యేమీ లేదు. లెక్క చూపే యజమాని కాంపౌండులో బకాయిలు తగ్గుతాయి, ఎందుకంటే దేనికి కడుతున్నదీ కట్టేవానికి తెలుస్తుంది. షెడ్లు గల మన సోదరులు యీ పద్ధతిని తామే మొదట పాటించి చూపితే, మిగతా యజమానులను అడగడానికి మనకు నోరు వుంటుంది. మన కులంవాడు అడిగితే సిగ్గు, పైవాడు అడిగితే తగాదా అన్న భావం పోవాలి. లెక్క అడగడం అనుమానించడం కాదు. సేటు మన బట్ట తాను కొలిచి, పీకు లెక్కపెట్టి, మచ్చ వుంటే కోసుకొని మజూరీ యిస్తాడు. దాన్ని మనం అవమానంగా తీసుకోము. అదే కొలత మనం కట్టే సొమ్ముకు కూడా వుండాలి.

మన సంఘాలు చేయవలసినది కూడా వున్నది. ప్రతి వూరి సంఘం ఆ రాష్ట్ర చట్టం తెలిసిన వకీలుతో వొక నమూనా వొప్పందం రాయించి, ఆ ప్రాంతపు భాషలోను తెలుగులోను అచ్చు వేసి సభ్యులకు యివ్వాలి. మన పెద్దవారిలో మరాఠీ, కన్నడం, అరవం మాట్లాడగలవారు వున్నా, కోర్టు కాగితం చదివి అర్థం చేసుకొనేవారు తక్కువ. చదవకుండా వేలిముద్రో సంతకమో పెట్టిన కాగితమే తరువాత మన మీదికి వస్తున్నది. చదువుకొన్న పిల్లలు యింట్లో వుంటే, వచ్చే వొప్పందాన్ని వారిచేత వొకసారి గట్టిగా చదివించి వినండి.

సోదరులకు మా మనవి యింతే. మీ గాలా వొప్పందం తీరే తేదీ యెప్పుడో యీ వారమే చూసుకోండి. పోయిన పన్నెండు నెలల కిరాయి చీటీలు వొకచోట పెట్టి, కిరాయి యెంత, కరెంటు యెంత, నిర్వహణ యెంత, పన్ను యెంత అని నాలుగు వరుసలుగా రాయండి. మీ బట్ట మీటర్లతో భాగించి చూడండి. రసీదు లేని సొమ్ము వుంటే దానికి రసీదు అడగండి. తరువాత పక్క గాలావారికి మీ కాగితం చూపి, వారి కాగితం చూడండి. వొకే కాంపౌండులో వొకే సేవకు యిద్దరు వేరువేరు రుసుములు కడుతున్నారని తేలితే, అందరూ కలిసి యజమాని దగ్గరకు వెళ్లడానికి అదే మొదటి కారణం.